హైదరాబాద్ ఓపెన్

హైదరాబాద్ ఓపెన్ మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నీ. డబ్ల్యూటీఏ టూర్‌లో భాగంగా 2003, 2004, 2005 సంవత్సరాల్లో, ఫిబ్రవరి నెలలో జరిగింది. నగరం నడిబొడ్డున ఫతే మైదాన్‌లో ఉన్న శాప్ టెన్నిస్ కాంప్లెక్స్ హార్డ్ కోర్టులు దీనికి వేదిక. మొదట్లో పేరు ‘ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్’. బతికింది మూడేళ్లే. అయినా భారత మహిళల టెన్నిస్ చరిత్రలో ఇంతటి చోటు దక్కించుకున్న టోర్నీ మరొకటి లేదు. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్‌ను ఒక భారతీయురాలు మొదటిసారి అందుకున్నది ఇక్కడే.

స్వరూపం

అప్పట్లో డబ్ల్యూటీఏ టోర్నీలను శ్రేణులుగా విభజించేవారు. హైదరాబాద్‌ది నాలుగో శ్రేణి. ప్రైజ్‌మనీ మొత్తం 1,40,000 డాలర్లు. సింగిల్స్ డ్రాలో 32 మంది ఉండేవారు. టైటిల్ కావాలంటే వరసగా అయిదు మ్యాచ్‌లు గెలవాలి.

ఆ 32 చోట్లలో ఎక్కువ భాగం ర్యాంకును బట్టి నేరుగా నిండుతాయి. కొన్ని క్వాలిఫయింగ్ రౌండ్లు దాటి వచ్చినవారికి దక్కుతాయి. మిగిలిన కొద్ది చోట్లు నిర్వాహకుల చేతిలో ఉంటాయి. వాటినే వైల్డ్ కార్డులు అంటారు. పెద్ద టోర్నీ ఆడితే తప్ప పెద్ద పాయింట్లు రావు, పాయింట్లు లేకపోతే పెద్ద టోర్నీలో చోటు దొరకదు. ర్యాంకు చాలని అమ్మాయికి ఈ చిక్కుముడి విప్పేది వైల్డ్ కార్డే. విదేశాలు తిరిగే ఖర్చు లేకుండా, సొంత ఊళ్లోనే పై స్థాయి క్రీడాకారిణులతో తలపడే వీలు అలా దొరుకుతుంది. ఈ ఊరి అమ్మాయి సానియా మీర్జాకు హైదరాబాద్ ఓపెన్ సరిగ్గా ఇదే ఇచ్చింది.

తొలి రెండేళ్లు

2003 ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన తమరిన్ తనసుగర్న్ 6-4, 6-4తో ఉజ్బెకిస్తాన్ క్రీడాకారిణి ఇరోడా తుల్యగనోవాను ఓడించింది. తమరిన్‌కు అది మొదటి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్. మరుసటి ఏడు ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్ గెలిచింది. అప్పటికి ఆమెకు 30 ఏళ్లు. నెట్‌కు అవతల నిలిచిన రష్యా అమ్మాయి మరియా కిరిలెంకోకు 17. తొలి సెట్ టైబ్రేక్ దాకా సాగినా, 7-6, 6-1తో అనుభవానిదే పైచేయి అయింది. ప్రాట్ కెరీర్ మొత్తంలో సింగిల్స్ టైటిల్ ఇదొక్కటే.

ఈ రెండేళ్లూ సానియా వైల్డ్ కార్డుతోనే బరిలోకి దిగింది, రెండుసార్లూ మొదటి రౌండ్లోనే వెనుదిరిగింది. 2003లో ఆమె చేసింది డబ్ల్యూటీఏ అరంగేట్రం. అప్పుడు వయసు 16. రష్యాకు చెందిన ఎవ్‌గెనియా కులికోవ్‌స్కయా చేతిలో ఓడింది. 2004లో ఎదురైంది ఆ ఏటి విజేత ప్రాటే. అయితే అదే వారం డబుల్స్‌లో కథ వేరేగా నడిచింది. దక్షిణాఫ్రికాకు చెందిన లీజెల్ హ్యుబర్‌తో జతకట్టి, ఫైనల్లో చైనా జంట లీ టింగ్, సున్ తియాన్‌తియాన్‌లను 7-6, 6-4తో ఓడించి సానియా టైటిల్ అందుకుంది. కెరీర్‌లో ఆమె గెలిచిన 43 డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిళ్లకు బోణీ అదే.

2005 ఫైనల్

మూడో ఏడు వచ్చేసరికి సానియా ఊరికి మాత్రమే తెలిసిన అమ్మాయి కాదు. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్ చేరి, సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడి వచ్చింది. ఏ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లోనైనా భారత మహిళ అంతదాకా వెళ్లడం అదే ప్రథమం. దాంతో దేశమంతా చూపు హైదరాబాద్ వైపు తిరిగింది.

ఫిబ్రవరి 12, శనివారం నాటి ఫైనల్లో ప్రత్యర్థి ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండరెంకో. బేస్‌లైన్ దగ్గర ఓపికగా బంతిని తిప్పికొడుతూ ఎదుటివారి తప్పు కోసం కాచుకునే ఆట ఆమెది. సానియాది దానికి పూర్తిగా భిన్నమైన తీరు. మణికట్టు విసురుతో వచ్చే ఆమె ఫోర్‌హ్యాండ్ నెట్ మీదుగా తక్కువ ఎత్తులో దూసుకెళ్లి గీతల దగ్గర పడేది. సర్వీసు మాత్రం బలహీనం. ప్రత్యర్థి కొట్టిన బంతి కాస్త పొట్టిగా పడితే చాలు, కొట్టేయడమే. అందువల్ల పాయింట్లు ఎంత వేగంగా వచ్చేవో అంత వేగంగానూ పోయేవి. మ్యాచ్ కూడా అలాగే ఊగిసలాడింది. మొదటి సెట్ 6-4తో సానియాది. రెండోది 7-5తో బొండరెంకో లాక్కుంది. మూడో సెట్ 6-3తో సానియా వశమైంది. మొత్తం 31 గేముల్లో ఆమెవి 17, ప్రత్యర్థివి 14. ఆ తేడాతోనే చరిత్ర మారింది.

అప్పటికి సానియాకు 18 ఏళ్లు. టైటిల్‌తో ప్రపంచ ర్యాంకింగ్స్‌లో తొలి వందలోకి అడుగుపెట్టింది. మార్చిలో దుబాయ్‌లో యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించింది. అదే ఏడు యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ చేరింది. 2007 ఆగస్టులో 27వ ర్యాంకు అందుకుంది. డబుల్స్‌లో నంబర్ వన్ అయింది, ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. సింగిల్స్ టైటిల్ మాత్రం మళ్లీ దక్కలేదు. బొండరెంకో 2008లో చెల్లెలు కతెరినాతో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచింది.

తమరిన్, ప్రాట్, సానియా: ముగ్గురు విజేతలూ సింగిల్స్‌లో ఖాతా తెరిచింది హైదరాబాద్‌లోనే. పేరున్న తారలు అరుదుగా వచ్చే నాలుగో శ్రేణి టోర్నీ, పేరు రావలసినవారికి ఇలా పనికొచ్చింది.

తరవాత

2006లో టోర్నీ బెంగళూరుకు తరలింది. సానియా, హ్యుబర్ జంట అక్కడా డబుల్స్ గెలిచింది. 2008 నాటికి ప్రైజ్‌మనీ 6,00,000 డాలర్లకు పెరిగింది. విలియమ్స్ సోదరీమణులు ఆడారు, సెరెనా విజేత అయింది. ఆ తరవాత అదీ ఆగిపోయింది. 2005 నుంచి 2007 దాకా కోల్‌కతాలో నడిచిన సన్‌ఫీస్ట్ ఓపెన్ అంతకుముందే ముగిసింది. ఆపైన భారత్‌లో టూర్ స్థాయి మహిళల టోర్నీ చూడాలంటే 2022 సెప్టెంబరులో చెన్నై ఓపెన్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో గడిచిన పద్నాలుగేళ్లలో ఎదిగిన అమ్మాయిలకు, పదహారేళ్ల సానియాకు అందినట్టు సొంతగడ్డపై ఈ స్థాయి వైల్డ్ కార్డు అందలేదు. దేశానికి ఇది చిన్న నష్టం కాదు.

సానియా వీడ్కోలుకు ఎంచుకున్న చోటు కూడా ఫతే మైదానే. 2023 మార్చి 5న అక్కడి ఎల్బీ టెన్నిస్ స్టేడియంలో రోహన్ బోపన్న, బెథనీ మాటెక్ శాండ్స్ వంటి సహచరులతో కలిసి ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడి, సొంత ఊరి ప్రేక్షకుల ముందు ఆమె రాకెట్ పక్కన పెట్టింది.