దారిలో మాయమైన బాటసారులు: థగ్గుల హత్యలు, హైదరాబాద్ రాజ్యం, సాక్ష్యం

1. పరిచయం

లండన్‌లో భూగర్భ రైలు 1863లో మొదలైంది. 1897లో జాన్ ఆక్సెన్‌హామ్ అనే రచయిత ఆ రైల్లో ప్రయాణికులు వరుసగా హతమవుతున్నట్లు ఒక పత్రికలో ధారావాహిక రాశాడు. పక్కన కూర్చున్న అపరిచితుడే హంతకుడు కావచ్చునన్న భయం ఆ కథకు ప్రాణం. మన చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా 2020 నుంచి మెట్రో రైలు నడుస్తోంది. అందులో ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన మీరు నిశ్చింతగా కూర్చుంటారు. రెండు వందల ఏళ్ల కిందట దక్కన్ బాటసారికి ఆ నిశ్చింత ఉండేది కాదు. ఆ కాలపు దారిహత్యల గురించి, వాటికి మనకున్న సాక్ష్యం ఎంత నమ్మదగినదన్న ప్రశ్న గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. హత్యలు ఎందుకు బయటపడలేదు?

థగ్గులు వ్యాపారులుగానో సిపాయిలుగానో వేషం వేసుకుని బాటసారులతో స్నేహం చేసేవారు. కొన్ని రోజులు కలిసి నడిచి, అనువైన చోట రుమాలుతో గొంతు బిగించి చంపి, సొమ్ము తీసుకుని శవాలను పూడ్చిపెట్టేవారు. ఇలాంటి హత్యలు చాలాకాలం వెలుగులోకి రాకపోవడానికి మూడు కారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది, ప్రయాణాలు నెలల తరబడి సాగేవి. మనిషి తిరిగి రాకపోతే రోగమో, వరదో, పులో అనుకునేవారు. రెండవది, హత్య జరిగేది ఇంటికి ఎంతో దూరంలో. కాబట్టి ఫిర్యాదు చేసేవారే ఉండరు. మూడవది, కంపెనీ ప్రాంతాలు, నిజాం రాజ్యం, సంస్థానాలు, జాగీర్లు పక్కపక్కనే ఉండేవి. ఎల్లలు దాటితే అధికారం మారిపోయేది.

3. మెడోస్ టేలర్ అనుభవం

ఫిలిప్ మెడోస్ టేలర్ 1824లో, ఇంకా కుర్రవాడుగా ఉండగానే, నిజాం సైనిక సేవలో చేరాడు. కొంతకాలానికి రాజ్యపు పశ్చిమ జిల్లాల్లో పోలీసు బాధ్యతలు నిర్వహించాడు. అంతుపట్టని హత్యల వెనుక ఏదో ముఠా ఉందని తాను అనుమానించినట్లు, ఆరా తీస్తుండగానే బదిలీ అయినట్లు ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ గుట్టు విప్పిన ఖ్యాతి జబల్పూర్‌లో ఉన్న విలియం స్లీమన్‌కు దక్కింది. 1839లో టేలర్ అచ్చువేసిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ నవలలో అమీర్ అలీ అనే థగ్గు తన నేరాలను తానే చెప్పుకుంటాడు. ఇంగ్లండులో థగ్గుల గురించి ఏర్పడిన భావనలో ఈ నవలకు పెద్ద పాత్ర ఉంది.

4. అప్రూవర్లు, చట్టం

స్లీమన్ పద్ధతికి ఆధారం అప్రూవరు. పట్టుబడిన థగ్గు తన తోటివారిని పట్టిస్తే ఉరి తప్పేది. అప్రూవర్లు చూపించిన చోట తవ్వితే కొన్నిసార్లు ఎముకలు దొరికేవి. కనుక హత్యలు కట్టుకథ కావు. అయితే 1836 నాటి 30వ చట్టాన్ని జాగ్రత్తగా గమనించండి. ఫలానా హత్య ఫలానావాడే చేశాడని రుజువు చేయనక్కరలేదు. ఎప్పుడైనా థగ్గు ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవ కఠిన శిక్ష. చట్టం రాకముందు ముఠాలో ఉన్నా, కంపెనీ ప్రాంతానికి వెలుపల ఉన్నా అది వర్తించేది. అంటే నిజాం రాజ్యంలోని ముఠా మనిషి కూడా కంపెనీ కోర్టు ముందు నిలబడవలసి వచ్చేది. చేసిన పనికి బదులు మనిషి గుర్తింపే నేరమైంది.

5. చరిత్రకారుల అభిప్రాయాలు

థగ్గులు కాళికి నరబలి ఇచ్చే రహస్య మతశాఖ అన్నది వలస పాలకుల వర్ణన. 1969లో స్టూవర్ట్ గోర్డన్ ఈ సమస్యను మాళ్వాలోని రాజకీయ పరిస్థితులతో ముడిపెట్టి చూశాడు. రాధికా సింఘా 1998లో వెలువరించిన గ్రంథంలో చట్టం స్వభావాన్ని ప్రశ్నించారు. కిమ్ వాగ్నర్ 2007లో ఇది కేవలం వలస పాలకుల కల్పన కాదని, స్థానిక సమాజంలో వేళ్లూనుకున్న దోపిడీ అని వాదించాడు. మీరు ఏ వాదం వైపు మొగ్గినా ఒక్క సంగతి మరువకండి: అప్రూవరు మాట్లాడింది తన ప్రాణం కోసం; ప్రశ్నలు అడిగింది, జవాబులు రాసుకుంది అధికారులు.

6. పర్యవసానం

పుట్టుకతోనే నేరస్తులుంటారన్న ఆలోచన అక్కడితో ఆగలేదు. 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తించింది. కొద్ది సంవత్సరాలకే బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో స్థిరపరిచారు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయినా, ఆ ఊరి పేరు చెప్పగానే దొంగలను తలచుకునే అలవాటు జనంలో చాలాకాలం మిగిలింది. ఆ మచ్చను మోసినవారు ఏ నేరమూ ఎరుగని పిల్లలు కూడా.

7. సారాంశం

హత్యలు జరిగాయి, బాధితులు ఉన్నారు. కానీ హంతకుణ్ణి పట్టుకోవడం వేరు, ఒక సమూహాన్ని మొత్తంగా హంతకులనడం వేరు. నేర చరిత్ర చదివేటప్పుడు ఈ తేడాను గుర్తించడమే విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పాఠం.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. దారిహత్యలు చాలాకాలం బయటపడకపోవడానికి కారణాలేవి?
2. అప్రూవరు వాంగ్మూలాన్ని చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
3. మీరు బాగ్ లింగంపల్లి పరిసరాల్లో ఉంటే సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికో వెళ్లండి. ఒక నేరవార్తను పత్రికలో చదివి, అందులో రుజువైనదేది, ఆరోపించినదేది విడదీసి పది వాక్యాలు రాయండి.