తెట్టు మర్రి నీడన నూరేళ్లు

రిషివ్యాలీ బడి శతజయంతి సంచికకు రాయమని కమిటీ పెద్దలు నన్నడిగితే, అనంతపురం సీమలోని సోమందేపల్లె మనిషికి రిషివ్యాలీతో ఏం పని అని ఒకరిద్దరు గొణిగారట. పనుంది. ఆ లోయదీ మాదీ ఒకే కరువు సీమ. పైగా నేను పంతులుగా బతికిందంతా ఏకోపాధ్యాయ బడుల్లోనే.

అసలు ఆ నేల బడి కోసం కొన్నది కాదు. 1920లలో అనిబిసెంట్ తలపెట్టిన ప్రపంచ విశ్వవిద్యాలయానికి చోటు వెతికారు. అది తాను పుట్టిన మదనపల్లె దగ్గరే ఉండాలని జిడ్డు కృష్ణమూర్తి కోరిక. తెట్టు ఊరి పెద్ద మర్రి దగ్గర చోటు కుదిరింది. ఆ పని మీద త్రిలోకేకర్ అనే ఆయన రైతుల చుట్టూ తిరిగి తిరిగి భూమి కూడబెట్టారు. మహానుభావుడు! విశ్వవిద్యాలయం మాత్రం రాలేదు. బిసెంట్ 1918లో మద్రాసు గిండీలో పెట్టిన బడే 1931లో జి.వి. సుబ్బారావుగారి చేతుల మీదుగా ఇక్కడికి తరలివచ్చింది.

ఆయన తర్వాత బడిని నడిపినవాళ్లు పియర్స్, బాలసుందరం, నారాయణ్, రాధికా హెర్జ్‌బెర్గర్. వీళ్లతోపాటు బావులు తవ్వినవాళ్లకు, వంటశాలవాళ్లకు, మొక్కలకు నీళ్లు మోసినవాళ్లకు కూడా నమస్కారాలు.

కరువు సంగతి వేరే చెప్పాలి. ఆ లోయ కొండలు అప్పట్లో బోడివి. వాన పడితే నీళ్లు నిలవక మట్టినెత్తుకుపోయేవి. వాలుల్లో మొక్కలు నాటారు, మేకల్ని ఆపారు, ఇంకుడు చెరువు కట్టారు. 1991లో ఆ లోయ పక్షుల రక్షిత ప్రాంతమైంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకే మొహం వాచిన అనంతపురంవాళ్లకు దాని విలువ తెలుసు.

పొగడాల్సిన చోట అనకూడదు గానీ, ఆ హాస్టలు బడి ఫీజు మన సేద్యగాళ్లకు అందేది కాదు. పద్మనాభరావు, రమ దంపతులు 1980లలో పల్లె పిల్లల కోసం ఉపబడులు నడిపాకే నా మనసు కుదుటపడింది. ఒకే గది, ఒకే పంతులు, అన్ని ఈడుల పిల్లలు. తరగతుల బదులు కార్డుల నిచ్చెన. బొమ్మ గుర్తు చూసుకుని ఎవరి మెట్టు వాళ్లెక్కుతారు. జ్వరమొచ్చి వారం మానిన పిల్లాడు వదిలిన కార్డు దగ్గరే మళ్లీ మొదలెడతాడు. వేరుశనగ పీకేటప్పుడు సగం బడి చేలల్లో ఉండే మా ఊళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

2003లో ఈ పద్ధతి చెన్నై కార్పొరేషన్ బడులకు చేరి, తర్వాత తమిళనాడంతా పాకింది. మా బడికీ ఒక కార్డుల పెట్టె ఇప్పించమని ఒక ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాను. "చూద్దాం మాస్టారూ" అన్నారు. నేను రిటైరయ్యాక, పిల్లలు తగ్గారని బడినే పక్క ఊరి బడిలో కలిపేశారు.