రాజీ కాగితం

పోయిన వారం క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "రిస్టోరేటివ్ జస్టిస్ అంటే మన ఊళ్లో పెద్దమనుషులు చేసే రాజీయే కదా సార్?"

వెంటనే కాదనలేకపోయాను. రాజీ మనకు తెలుసు. కొట్టినవాడి తరఫున ఊరంతా దెబ్బలు తిన్నవాడి గుమ్మం ముందుకొచ్చి కేసు వాపసు తీసుకోమంటుంది.

ఈ పద్ధతి చరిత్రను చాలామంది 1974లో కెనడాలోని ఎల్మైరా ఊరి నుంచి మొదలుపెడతారు. ఇద్దరు కుర్రాళ్లు ఒక్క రాత్రిలో 22 చోట్ల విధ్వంసం చేశారు. ఒక ప్రొబేషన్ అధికారి చొరవతో వాళ్లు ఇంటింటికీ వెళ్లి బాధితుల ఎదుట నిలబడ్డారు, నష్టం కట్టారు. (అక్కడి ఆదివాసులు వలయంగా కూర్చుని తగువు తీర్చుకోవడం అంతకు ఎంతో ముందే ఉంది. మూలవాసుల పేరు చివర్లో రావడం మనకు కొత్తేం కాదు.)

యూనివర్సిటీల విషయానికొస్తే, 2014 డిసెంబర్‌లో అదే దేశంలోని డల్హౌసీ యూనివర్సిటీలో డెంటల్ ఫైనలియర్ మగపిల్లలు 13 మంది ఉన్న ఫేస్‌బుక్ గ్రూపు బయటపడింది. అందులో తోటి విద్యార్థినుల పేర్లు పెట్టి పోల్ నడిపారు, క్లోరోఫాం మీద జోకులేసుకున్నారు. వాళ్లను వెళ్లగొట్టాలని బయట నిరసనలు. యూనివర్సిటీ రిస్టోరేటివ్ జస్టిస్ దారి పట్టింది. నలుగురు విద్యార్థినులు పేర్లు బయటపెట్టకుండా, మమ్మల్ని ఒత్తిడి చేస్తున్నారని లేఖ రాశారు. సరిగ్గా అక్కడే అది మన ఊరి రాజీలా కనబడుతుంది. మరికొందరు విద్యార్థినులు మాత్రం, ఈ దారి మేమే ఎంచుకున్నాం, మా తరఫున ఎవరూ మాట్లాడొద్దన్నారు. గ్రూపులోని 12 మంది నెలల తరబడి వాళ్లకు జవాబు చెప్పుకున్నారు. 2015 మేలో వచ్చిన నివేదిక ఆ కుర్రాళ్ల దగ్గరే ఆగలేదు, కాలేజీ వాతావరణాన్ని కూడా తప్పుపట్టింది.

అదే 2015లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదుగురు దళిత రీసెర్చ్ స్కాలర్లను హాస్టల్ నుంచి బయటికి పంపింది, ఉమ్మడి స్థలాల్లోకి గుంపుగా రావొద్దంది. వాళ్లు ఆరుబయట వేసుకున్న శిబిరానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. వెలి అనేది పాత ఊరి శిక్ష. యూనివర్సిటీకి అంతకంటే కొత్తది తోచలేదు.

ఇక నా సంగతి. నేను గతంలో పనిచేసిన ఒక కాలేజీలో, మెస్‌లో కులం పేరు పెట్టి తిట్టిన గొడవ మీద కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను, 'మనవాడు' ఉండాలి కదా! తిట్టినవాడు సారీ అన్నాడు. పడ్డవాడు సంతకం పెట్టాడు. నీకేం కావాలని ఆ పిల్లాడిని ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, తొందరగా తేల్చాలనుకున్నాం.

నెల తిరగకుండానే అతను హాస్టల్ ఖాళీ చేశాడు. ఆ కాగితం మీద 'సమస్య పరిష్కారమైనది' అన్న మాట నా చేతిరాతే.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను.

"ఇప్పుడు అడగొచ్చు కదా సార్" అంది.

అతని నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉంది.