సత్యం షేర్లు: అమ్మకాలు, తాకట్లు, లెక్కలు

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బైర్రాజు రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ బయటికొచ్చినప్పుడు అందరి కళ్లూ ఒక అంకె దగ్గరే ఆగిపోయాయి. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. షేరు ఆ ఒక్క రోజే 179 రూపాయల నుంచి 40 దగ్గరకు పడిపోయింది. ఆ గగ్గోలులో లేఖలోని మరో మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాతృత్వం కోసం ప్రకటించి అమ్మిన కొద్దిపాటి వాటా తప్ప, ఎనిమిదేళ్లుగా తానుగానీ, మేనేజింగ్ డైరెక్టరైన తమ్ముడు రామరాజుగానీ, తమ భార్యలుగానీ షేర్లు అమ్ముకోలేదని ఆయన రాశారు. లేని నగదు సంగతి తేలిపోయింది. షేర్ల సంగతి మీద తగువు మాత్రం దాదాపు పదిహేనేళ్లు సాగింది.

సత్యం పుట్టింది 1987లో, హైదరాబాదులో. 1991లో అమెరికా ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ పని చేతికొచ్చింది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయింది. అక్కడి కంపెనీల పని ఇక్కడి ఇంజినీర్లు చేసిపెట్టే ఈ వ్యాపారంలో తెలుగువాళ్లు మన కంపెనీ అని చెప్పుకున్నది దీన్నే.

న్యూయార్క్‌లో గంట మోగిన ఏడాదే అసలు కథ మొదలవుతుంది. లిస్టయిన కంపెనీ ఎవరి చేతిలో ఎంత వాటా ఉందో మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజికి చెప్పాలి. దాన్ని చదివేవాళ్లు తక్కువ. సత్యం పట్టికలో ప్రమోటర్ల గడి చూస్తే 2001 మార్చిలో 25.6 శాతం. 2005 మార్చికి 15.67. 2008 మార్చికి 8.74. కొత్త షేర్లు జారీ అయినప్పుడు పాతవాళ్ల వాటా కొంత పలచబడడం మామూలే. ఇంత తరుగుదలకు ఆ ఒక్క కారణం చాలదు. ఏటేటా లాభాలు పెరుగుతున్నాయంటున్న కంపెనీలో యజమానుల వాటా మూడో వంతుకు దిగిపోతుంటే ఊళ్లో రచ్చబండ మీద కూర్చున్నవాళ్లయినా ఎందుకని అడుగుతారు. దలాల్ స్ట్రీట్ అడగలేదు. ఇన్ఫోసిస్ ప్రమోటర్ల వాటా కూడా అప్పటికి ఇరవై శాతం లోపేగా అన్నది సిద్ధంగా ఉన్న సమాధానం. పైగా 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా సత్యానికే దక్కింది!

చట్టం లేకపోలేదు. లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం తప్పని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 1992లోనే నిబంధనలు పెట్టింది. ఫలితాలు ప్రకటించే ముందు లోపలివాళ్లు లావాదేవీలు చేయకుండా ట్రేడింగ్ విండో మూసే పద్ధతి 2002లో వచ్చింది. ఇవన్నీ బయటివాళ్లకంటే ముందుగా నిజం తెలిసినవాళ్లను కట్టడి చేయడానికి. సత్యంలో ప్రకటించిన లాభమే అబద్ధం. కాబట్టి ఆ సంగతి తెలిసినవాడు విండో తెరిచి ఉన్న రోజున అమ్మినా లోపలి సమాచారంతో అమ్మినట్టే.

ఒక కంత మాత్రం మిగిలిపోయింది. షేరు అమ్మితే చెప్పాలి, తాకట్టు పెడితే చెప్పనక్కర్లేదు. రాజుల కుటుంబ షేర్లు ఎస్ఆర్ఎస్ఆర్ హోల్డింగ్స్ అనే సొంత సంస్థకు చేరాయి. అక్కడి నుంచి తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు. పట్టికలో అవి ఇంకా ప్రమోటర్ల వాటాగానే కనిపించేవి.

2008 డిసెంబరు 16న కుటుంబానికే చెందిన మైటాస్ ప్రాపర్టీస్, మైటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి అదే ఆఖరి ప్రయత్నమని తర్వాతి లేఖలో రాజే రాశారు. మదుపరులు భగ్గుమన్నారు. న్యూయార్క్‌లో సత్యం షేరుకు బదులుగా చేతులు మారే ఏడీఆర్ ధర ఒక్క రోజులో సగానికి పైగా పడింది. గంటల్లోనే ఒప్పందం వెనక్కి తీసుకున్నారు. అయినా ధర కోలుకోలేదు. తాకట్టు విలువ కరిగిపోతుంటే అప్పులిచ్చినవాళ్లు ఆ షేర్లను మార్కెట్లో అమ్మేసుకున్నారు. ప్రమోటర్ల షేర్లన్నీ కుదువలో ఉన్నాయని మామూలు వాటాదారుకు తెలిసింది అప్పుడే.

సెబీ తీర్పు 2014 జులై 15న వెలువడింది. ఐదుగురిని 14 ఏళ్లు మార్కెట్ నుంచి వెలివేసి, దాదాపు 1,849 కోట్ల అక్రమ లాభాన్ని 12 శాతం వడ్డీతో కట్టమంది. అందులో రాజు సోదరుల పేర 543.93 కోట్లు. ఎస్ఆర్ఎస్ఆర్ తాకట్టు మీద తెచ్చిన 1,258.88 కోట్లనూ సెబీ అక్రమ లాభంగానే జమకట్టింది. మిగతా ముగ్గురూ ఉద్యోగులు: ఆర్థిక విభాగాధిపతి 29.5 కోట్లు, ఆయన కింద ఉపాధ్యక్షుడు 11.5 కోట్లు, అంతర్గత ఆడిట్ చూసే అధికారి 5.12 కోట్లు. లెక్కలు సరిచూడాల్సిన మనిషి కూడా అమ్ముకున్నవాళ్ల జాబితాలో తేలడం అన్నిటికంటే విడ్డూరం.

తాకట్టు సొమ్మును ఏ లెక్కన లాభమనాలన్నది తేలని చిక్కు. కంపెనీని నడపడానికే షేర్లు కుదువపెట్టి 1,230 కోట్లు సర్దామని రాజు లేఖలో ఉంది. వ్యవహారం అప్పీళ్లకు వెళ్లింది, సెబీకి తిరిగొచ్చింది. 2018 నవంబరులో కట్టాల్సిన మొత్తం 813 కోట్లన్నారు. మళ్లీ అప్పీలు, మళ్లీ లెక్క. 2023 నవంబరు 30 నాటి ఉత్తర్వులో అది 624 కోట్ల దగ్గరకు దిగింది. ఈలోగా క్రిమినల్ కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రాజుతో సహా పది మందికి ఏడేళ్ల జైలు వేసింది. నెల తిరిగేసరికి మే 11న శిక్ష అమలు ఆగి, బెయిలు దొరికింది.

కంత పూడ్చడానికి మాత్రం ఎక్కువ రోజులు పట్టలేదు. లేఖ వచ్చిన నెలలోనే, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను వెల్లడించాల్సిందేనని సెబీ నిబంధన తెచ్చింది. ఇప్పుడు ప్రతి కంపెనీ త్రైమాసిక పట్టికలో దానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది. ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. షేరు కొనేముందు లాభాల కాలమ్‌తో పాటు ఆ గడి కూడా చూడండి.