గాజు గోడకు ఈవల తల్లి

నెలలు నిండకుండ పుట్టిన బిడ్డ బ్రతుకుటకు ముఖ్యముగా నాలుగు కావలయును: వెచ్చదనము, పాలు, నిలకడగల ఊపిరి, రోగక్రిముల నుండి రక్షణ. ఈ నాలుగింటిని సమకూర్చుటకై వైద్యులు నూట నలువది సంవత్సరములకు పైగా ఎన్నియో సాధనములను కల్పించిరి. వానివలన లక్షలాది శిశువులు బ్రతికిరి. కాని ఒక్కొక్క సాధనము చేరినకొలది బిడ్డకును తల్లికిని నడుమ దూరము పెరుగుచు వచ్చెను. కడకు తల్లి గాజు గోడకు ఈవల నిలిచి, తన బిడ్డను పరుల బిడ్డవలె చూచి వెడలిపోవు స్థితి ఏర్పడెను. ఈ దూరము ఎట్లు పెరిగినది, దానిని తగ్గించినవారెవరు, అందుండి శాస్త్రము నేర్చుకొనినదేమి అను విషయములు తెలిసికొనదగినవి.

కోడిపిల్లల పెట్టె

బిందెడు వేడినీళ్లు చాలసేపు వెచ్చగా నుండును. గరిటెడు నీళ్లు చూచుచుండగనే చల్లారును. వస్తువు చిన్నదైనకొలది, దాని బరువుతో పోల్చిచూచిన ఉపరితలము ఎక్కువగును. వేడి అంత త్వరగా వెలుపలికి పోవును. కిలోన్నర బరువుగల శిశువునకు ఇదియే ఆపద. అట్టి శిశువునకు చర్మము క్రింద కొవ్వు పొర తగినంత ఉండదు; పెద్దలవలె వణకి వేడి పుట్టించుకొను శక్తియు లేదు. కనుక గది పెద్దలకు హాయిగా నున్నను బిడ్డ చల్లబడిపోవును.

పారిస్ నగరమున మెటర్నిటే అను ప్రసూతి ఆసుపత్రిలో పనిచేయుచుండిన స్టెఫాన్ టార్నియే అను వైద్యుడు ఈ ఆపదను బాగుగా ఎరిగినవాడు. నగరములోని జంతు ప్రదర్శనశాలలో గ్రుడ్లను పొదిగించు వెచ్చని పెట్టెలను చూచి, శిశువులకును అట్టిదానిని చేయింపవలెనని అతడు తలచెను. ఆ పెట్టెలను చేసిన మార్టిన్ అను పనివాడే 1880లో శిశువులకు సరిపడు పెట్టెను నిర్మించెను. క్రింది అరలో వేడినీటి తొట్టి, పై అరలో శిశువులు; వెచ్చని గాలి క్రింది నుండి పైకి ప్రసరించుచుండెడిది. 1883లో ప్రకటింపబడిన లెక్కలనుబట్టి ఆ ఆసుపత్రిలో రెండు కిలోలకు తక్కువ బరువుగల శిశువులలో మరణములు నూటికి 66 నుండి 38కి తగ్గెను. ఒక చెక్కపెట్టె, కొన్ని వేడినీళ్లు ఇంతటి మేలు చేసెను.

టార్నియే తరువాత ఈ పనిని పెంచినవాడు పియేర్ బుడాన్. ఇతడు 1900లో పాలుత్రాగు శిశువులను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. దేహమునకు వెచ్చదనము, తగిన ఆహారము, రోగముల నివారణ అను మూడు సమస్యలను అందు వివరించెను. అంతతో ఆగక తల్లులను గూర్చియు ఒక విషయమును గమనించెను. బిడ్డకు దూరమై, దానికి తమ పాలు ఇచ్చు అవకాశము లేని తల్లులు కొలదికాలమునకే ఆ బిడ్డయందు ఆసక్తి కోల్పోవుచుండిరి. అందుచేత అతడు తల్లులను ఆసుపత్రికి రప్పించి చనుబాలు ఇప్పించెను. బిడ్డకు గట్టిగా చప్పరించు శక్తి లేనిచో, పాలు ఎండిపోకుండుటకై నెలలు నిండిన మరియొక బిడ్డకు కూడ పాలిమ్మని చెప్పెను. తల్లి తన బిడ్డను చూచుటకు వీలుగా పెట్టెకు గాజు పలకలు అమర్చబడెను. ఆనాడు గాజు తల్లికి బిడ్డను చూపుటకై వచ్చినది. తరువాతి కాలమున అదియే అడ్డుగోడ అయ్యెను.

చూచుటకే గాని తాకుటకు లేదు

1896లో బెర్లిన్ నగరమున జరిగిన పరిశ్రమల ప్రదర్శనలో ఇంక్యుబేటర్లను బ్రతికియున్న శిశువులతో సహా జనులకు చూపిరి. ఈ పనిలో పేరొందిన మార్టిన్ కూనీ తరువాత అమెరికా చేరి, న్యూయార్కునందలి కోనీ ఐలండు అను వినోదస్థలమున 1903 నుండి 1943 వరకు ఇట్టి ప్రదర్శన నడపెను. జనులు రుసుము చెల్లించి లోనికి వచ్చి శిశువులను చూచెడివారు. ఆ ధనముతోనే దాదులకు జీతములు, శిశువులకు పాలు. తల్లిదండ్రుల నుండి ఒక్క కాసైనను పుచ్చుకొనలేదు. నెలలు నిండని శిశువులకు ఆసుపత్రులలో చోటు లేని ఆ దినములలో ఆ వినోదస్థలము వేలకొలది ప్రాణములను నిలిపెను.

కాని అచట తల్లులకు ఉచితముగా లోనికి వచ్చు చీట్లు దొరకెనే గాని, బిడ్డకు ఏ పనియు చేయుటకు అనుమతి దొరకలేదు. కొన్ని వారములకు బలపడిన బిడ్డను ఇంటికి తీసికొనిపొమ్మని తల్లిదండ్రులను ఒప్పించుట కొన్ని పర్యాయములు కష్టమయ్యెనని తరువాతి వైద్యులు వ్రాసిరి. బుడాన్ గమనించినదే సముద్రమున కావల మరల కనబడెను.

1922లో చికాగో నగరమున జూలియస్ హెస్ అను వైద్యుడు ఒక ఆసుపత్రిలో నెలలు నిండని శిశువులకై ప్రత్యేక విభాగమును నెలకొల్పెను. క్రమముగా ఇట్టి విభాగములు ఇతర నగరములందును వెలసెను. ఆ కాలమున నేటి ప్రతిజీవక ఔషధములు లేవు. ఒక శిశువునకు వచ్చిన విరేచనములో, జలుబో గదియంతయు వ్యాపించి పలువురిని బలిగొనెడిది. అందుచేత వెలుపలివారిని లోనికి రానీయరాదను నియమము ఏర్పడెను. నియమము పెట్టినవారి భయము నిజమైనదే. అయితే ఆ వెలుపలివారి పట్టికలో తల్లియు చేరెను.

1963వ సంవత్సరము

1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి అయిదున్నర వారములు ముందుగా ఒక కుమారుడు జన్మించెను. బరువు సుమారు 2.1 కిలోలు. పుట్టిన వెంటనే శ్వాస కష్టమయ్యెను. తల్లి కేప్ కాడ్ ప్రాంతమున ఒక సైనిక ఆసుపత్రిలో నుండగా బిడ్డను బోస్టన్ నగరమునకు తరలించిరి. అచటి వైద్యులు తమకు తెలిసిన ఉపాయములన్నియు చేసిరి. బిడ్డ 39 గంటలు మాత్రమే జీవించెను.

ఊపిరితిత్తులలోని గాలిబుడగలు ముడుచుకొని పోకుండ కాపాడు పదార్థము అట్టి శిశువులలో చాలదని మేరీ ఎలెన్ ఏవరీ, జెర్ మీడ్ అనువారు 1959లోనే చూపియుండిరి. చికిత్స మాత్రము ఇంకను సిద్ధము కాలేదు. 1971లో శ్వాసమార్గమున ఎడతెగక కొద్దిపాటి ఒత్తిడిని నిలుపు పద్ధతియు, 1980లో జపానులో ఆ పదార్థమునే ఊపిరితిత్తులలోనికి ఎక్కించు పద్ధతియు ప్రకటింపబడినవి. ఇవి అసంఖ్యాక శిశువులను బ్రతికించినవి. కాని ఒక మంచము చుట్టు నాళములు, తీగలు, మ్రోగెడి గంటలు పెరిగినకొలది, తల్లి నిలుచుటకు చోటే లేదను భావమును పెరిగెను.

తలుపులు తెరచినవారు

ఈ నియమమును మొట్టమొదట ప్రయోగముతో పరీక్షించినది అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము. అచటి వైద్యులు తల్లులను చేతులు కడిగించి, పై వస్త్రము తొడిగించి, శిశువు ఉన్న గదిలోనికి రానిచ్చిరి, బిడ్డను తాకనిచ్చిరి. 1970లో వారు ఫలితములను ప్రకటించిరి. తల్లులు వచ్చినందువలన అంటురోగములు పెరుగలేదు. అర్ధ శతాబ్దపు భయమునకు ఇది సమాధానము.

ఆ పరిశోధనలో పాల్గొనిన మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్ అను వైద్యునితో కలిసి 1976లో తల్లీబిడ్డల అనుబంధమును గూర్చి గ్రంథము వ్రాసెను. పుట్టిన తొలి గంటలలోని స్పర్శయే అనుబంధమును నిర్ణయించునను వారి మొదటి మాట తరువాతి పరిశోధనలకు నిలువలేదు. ఇది తల్లులకు ఊరట కలిగించు విషయమే. తొలి దినములలో బిడ్డను ఎత్తుకొనలేకపోయిన తల్లి ఏదియో శాశ్వతముగా పోగొట్టుకొన్నట్లు కాదు. అనుబంధము దినదినము పెరుగునది.

మిగిలిన రెండు మార్పులు సంపదవలన గాక లోటువలన వచ్చినవి. కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో ఒక ప్రసూతి ఆసుపత్రియందు ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కదానియందే ఇద్దరు ముగ్గురు శిశువులను ఉంచవలసివచ్చెను. అంటురోగములు ప్రబలెను; కొందరు బిడ్డలను విడిచి వెడలిపోవుచుండిరి. 1978లో ఎడ్గార్ రేయ్ అను వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముపై నిలువుగా, చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచు పద్ధతిని ప్రవేశపెట్టెను. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్లుండుటచే దానికి కంగారూ పద్ధతియను పేరు వచ్చెను. తల్లి దేహమే పెట్టె. తల్లి పాలే ఆహారము. మరుసటి సంవత్సరమున, 1979లో, ఎస్టోనియాలోని తాలిన్ నగరమున దాదుల కొరతవలన అడిక్ లెవిన్ అను వైద్యుడు తల్లులను రాత్రింబవళ్లు బిడ్డల కడనే ఉంచి సంరక్షణ చేయించెను.

ఇవి పేదల ఉపాయములని కొందరు తలచిరి. 2021లో ప్రకటింపబడిన ఒక పెద్ద ప్రయోగము ఆ అభిప్రాయమును తొలగించెను. ఘనా, భారతదేశము, మలావీ, నైజీరియా, టాంజానియా దేశములలోని అయిదు ఆసుపత్రులలో 3,211 మంది శిశువులపై అది జరిగెను. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి వానిలో ఒకటి. శిశువుల బరువు 1 కిలో నుండి 1.8 కిలోల లోపు. పుట్టిన వెంటనే, బిడ్డ నిలకడ పొందక ముందే, కంగారూ పద్ధతి ప్రారంభించిన వర్గమున 28 దినములలో మరణములు నూటికి 12. నిలకడ పొందిన తరువాత ప్రారంభించిన వర్గమున 15.7. ఇందుకై తల్లులకును తీవ్ర సంరక్షణ గదిలోనే మంచములు వేయవలసివచ్చెను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని పుట్టిన వెంటనే ప్రారంభింపవలెనని సిఫారసు చేసెను. సంరక్షణలో కుటుంబమునకు పాలు ఉండవలెననియు, కుటుంబమునకు తోడ్పాటు అందవలెననియు అందు చెప్పబడినది.

కుటుంబమునకు కావలసినది

ఇట్టి విభాగములలో తల్లిదండ్రులను ఎక్కువగా బాధించునదేమి? యంత్రముల చప్పుడు, బిడ్డ సన్నని రూపము భయపెట్టును. అయినను, తల్లిగా తండ్రిగా చేయవలసిన పని తమ చేతిలో లేకపోవుటయే అన్నిటికంటె మించిన వేదనయని పలు పరిశోధనలలో తేలినది. కనుక ఓదార్పు మాటకంటె ముందు కావలసినది పని. పాలు పిండి ఇచ్చుట, గుడ్డ మార్చుట, బిడ్డను రొమ్ముపై ఉంచుకొనుట చిన్న పనులుగా కనబడవచ్చును. అవి చికిత్సలో భాగములే.

భారతదేశమున ఈ భావము కుటుంబ భాగస్వామ్య సంరక్షణ అను పేరుతో రూపొందినది. ఢిల్లీలోని రామమనోహర లోహియా ఆసుపత్రి అనుభవము దీనికి ఆధారము. చేతులు కడుగుకొను విధము, పాలు పట్టు విధము, అపాయ లక్షణములను గుర్తించు విధము తల్లిదండ్రులకు నేర్పిరి. అంటురోగములు పెరుగలేదు, తల్లిపాలు మాత్రమే త్రాగు శిశువుల సంఖ్య పెరిగెను. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇందుకు మార్గదర్శకములను వెలువరించెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల జిల్లా ఆసుపత్రులందును నవజాత శిశువుల ప్రత్యేక విభాగములు కలవు.

ఆసుపత్రి తలుపు వెలుపల బంధువులకును పని కలదు. తెలుగునాట తొలికాన్పు తరచుగా పుట్టింట జరుగును. బిడ్డ జిల్లా ఆసుపత్రిలో, బాలింత మరియొకచోట, తండ్రి ఈ రెంటి నడుమ తిరుగుట జరుగుచుండును. అప్పుడు బాలింతకు వేళకు భోజనము పంపుట, రానుపోను ఖర్చుకు చేయూత నిచ్చుట, తండ్రి ఒకపూట నిదురించునట్లు మరియొకరు కాచుకొనియుండుట నిజమైన సహాయము. వైద్యుని మాట మొదటిసారి తల కెక్కకపోవచ్చును. ప్రక్కన ఒకరు కూర్చుండి విని, మరల నెమ్మదిగా చెప్పవలెను. దోషము ఎవరిదని, ఏమి తిన్నావని, ఏ పని చేసితివని బాలింతను అడుగుట ఆమె గాయమున కారము చల్లుటయే. నెలలు నిండకుండ కాన్పు జరుగుటకు అనేక సందర్భములలో కారణము తెలియదు.

ఉపాధ్యాయులకును ఇందు పాలు కలదు. తరగతిలో ఒక బాలిక కొన్ని దినములుగా పాఠము వినక కిటికీవైపు చూచుచుండవచ్చును. ఆమె తల్లి ఆసుపత్రిలో, చిన్న తమ్ముడు గాజు పెట్టెలో ఉండవచ్చును. ఇంట ఆమెను గమనించువారు ఎవరును ఉండకపోవచ్చును. ఆ పిల్లను దగ్గరకు పిలిచి, తమ్ముని బరువు నేడు ఎన్ని గ్రాములు పెరిగినదని అడిగిన చాలును. ఆ ప్రశ్నకు సమాధానము ఆమెకు తప్పక తెలిసియుండును.