మోటారు సైకిలు భాగములతో మూడు చక్రముల బండి

మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలమీద కూడ కదలక నిలుచును. నాలుగు కాళ్ళ బల్లకు మాత్రము ఏదో ఒక కాలి క్రింద చెక్కముక్క పెట్టవలసి వచ్చును. మూడు బిందువులు ఎల్లప్పుడు ఒకే సమతలములో నుండుటయే దీనికి కారణము. నిలిచియున్న పీటకు మేలు చేయు ఈ గుణము పరుగెత్తు బండికి ఎంతవరకు అక్కరకు వచ్చును? మోటారు సైకిలు భాగములను కూర్చి, సొంత షెడ్లలో మూడు చక్రముల బండ్లను కట్టినవారు నూరేండ్లకు పైగా ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టినారు. వారి చరిత్రలో యంత్రశాస్త్రముతోపాటు పన్నుల చట్టములు, రసాయన శాస్త్రము, నడువలేని మనుష్యుల స్వేచ్ఛ కూడ కలిసియున్నవి.

బడి పనిశాలలో పుట్టిన బండి

1885లో జర్మనీలో కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారు బండికి మూడు చక్రములే యుండెను. ముందున్న రెండు చక్రములను ఒకేసారి సరియైన కోణములలో త్రిప్పు విధానము ఆయనకు అప్పటికి తృప్తికరముగా కుదరలేదు. అందుచేత ముందు ఒకే చక్రము పెట్టి ఆ చిక్కును తప్పించుకొనెను. 1886 జనవరి 29న ఆ బండికి పేటెంటు కోరెను.

మోటారు సైకిలు భాగములతో మూడు చక్రముల బండిని కట్టి పేరు తెచ్చుకొన్నవాడు ఇంగ్లండులోని హెచ్. ఎఫ్. ఎస్. మోర్గన్. ఆయన గ్రేట్ వెస్టర్న్ రైల్వేవారి స్విండన్ కర్మాగారములో పని నేర్చి, తరువాత మాల్వర్న్ లింక్ అను ఊరిలో మోటారు గ్యారేజి నడుపుచుండెను. మోటారు సైకిలు కట్టదలచి ఏడు అశ్వశక్తుల ప్యూజో ఇంజనును కొనెను. ఇంతలో మనసు మారి, 1909లో ఆ ఇంజనుతో మూడు చక్రముల బండిని తలపెట్టెను. అతని షెడ్డులో తగిన యంత్రములు లేవు. మాల్వర్న్ కళాశాలలో ఇంజనీరింగు బోధించు స్టీఫెన్సన్-పీచ్ అను ఉపాధ్యాయుడు ముందుకు వచ్చి పనిశాల యంత్రములను, తన అనుభవమును ఇచ్చి తోడ్పడెను. ఆ విధముగా ఒక ప్రసిద్ధ వాహనపు తొలి నమూనా విద్యార్థులు పని నేర్చుకొను చోట రూపు దిద్దుకొన్నది.

ఆ బండి నిర్మాణము మిక్కిలి సరళమైనది. నడుమ వెన్నెముకవలె ఒక ఉక్కు గొట్టము, దాని ముందు భాగమున ఇంజను, ఇరువైపుల రెండు చక్రములు, వెనుక ఒకే చక్రము. వెనుక చక్రమును మోటారు సైకిలులో వలెనే చైను త్రిప్పును. ముందు చక్రములు రెండును వేరువేరుగా స్ప్రింగులపై పైకి క్రిందికి జారుచుండును. ఒక చక్రము గుంటలో పడినను రెండవది చలింపదు. 1910లో లండనులోని ఒలింపియా ప్రదర్శనలో ఈ బండిని చూపినారు. ఒక్కరికే చోటుండుటచేత కొనువారు ఎక్కువమంది రాలేదు. మరుసటి యేడు ఇద్దరు కూర్చుండునట్లు మార్చిన పిమ్మట గిరాకి పెరిగెను. మోర్గన్ కర్మాగారము 1952 వరకు మూడు చక్రముల బండ్లను తయారు చేసెను.

చక్రము తగ్గిన లాభమేమి?

కారు మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. రెండు చక్రములను ఒకే ఇరుసుతో ఇంజను త్రిప్పుచున్నచో ఈ భేదమును సర్దుటకు డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల కూర్పు అవసరము. ఇంజను త్రిప్పు చక్రము ఒక్కటే అయినపుడు ఆ కూర్పు అక్కరలేదు. మోటారు సైకిలు ఇంజను, క్లచ్చి, గేరు పెట్టె, చైను, వెనుక చక్రము యథాతథముగా ఉపయోగపడును. ఇంటిలో బండి కట్టువానికి ఇది గొప్ప సదుపాయము.

బ్రిటనులో చట్టము కూడ ఈ బండ్లకు అనుకూలించెను. 1921 నుండి అక్కడ కార్లకు అశ్వశక్తికి ఒక పౌను చొప్పున పన్ను వేసినారు. తేలికైన మూడు చక్రముల బండికి పన్ను తక్కువ. దానిని నడుపుటకు మోటారు సైకిలు లైసెన్సు చాలును. అయితే బండి బరువు సుమారు 400 కిలోగ్రాములు మించరాదు. కావున ఈ బండ్లను కట్టువారికి ప్రతి కిలోగ్రాము లెక్కలోనిదే అయ్యెను.

1934లో టామ్ విలియమ్స్ అను ఇంజనీరు టామ్వర్త్ పట్టణమున తన ఇంటి పెరటిలో మూడు చక్రముల సరకు బండి నొకదానిని కట్టెను. దాని ముందుభాగము మోటారు సైకిలు ఫోర్కు. వెనుకభాగము కొయ్యచట్రముపై కప్పిన అల్యూమినియము రేకులు. రిలయంట్ అను కంపెనీకి అదే నాంది. 1949లో వచ్చిన బాండ్ మినీకారుకు విలియర్స్ కంపెనీవారి 122 ఘనపు సెంటీమీటర్ల మోటారు సైకిలు ఇంజనును అమర్చినారు.

గాజుతో బండి ఒడలు

ఇంజనును కొనవచ్చును, చట్రమును వెల్డింగు చేయవచ్చును. కాని బండి ఒడలు కట్టుట చిన్న పనివానికి పెద్ద అడ్డంకి. ఉక్కు రేకును వంపులు తిరిగిన ఆకారమునకు వత్తవలెనన్న భారీ ప్రెస్సులు, ఖరీదైన అచ్చులు కావలెను. వేలకొలది బండ్లు అమ్మిననే ఆ ఖర్చు గిట్టును. ఈ అడ్డంకిని తొలగించినది ఫైబర్ గ్లాసు.

కరగిన గాజును సన్నని పోగులుగా తీసి పెద్ద యెత్తున తయారు చేయు పద్ధతి అమెరికాలో 1930లలో పెంపొందెను. దాదాపు అదే కాలమున పాలియెస్టరు రెసిన్ కూడ కనుగొనబడెను. గాజుపోగు లాగుడుకు గట్టిగా నిలుచును గాని ఒంటరిగా ఆకారము నిలుపుకొనలేదు. రెసిన్ ఆకారము నిలుపును గాని సులభముగా పగులును. రెండును కలిసినపుడు ఒకదాని లోపమును మరొకటి పూడ్చును. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టు పల్లెటూరి మేస్త్రికి ఈ సూత్రము క్రొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధములో విమానముల రాడారు కప్పులకు ఈ పదార్థమును వాడినారు, ఏలనన రేడియో తరంగములు దానిగుండా పోగలవు. యుద్ధము ముగిసిన తరువాత అది పడవలకు, కార్లకు దిగివచ్చెను. 1953లో అమెరికాలో షెవర్లే కార్వెట్ కారు ఫైబర్ గ్లాసు ఒడలితో వెలువడెను. రిలయంట్ కంపెనీ 1956లో తన రీగల్ బండికి అల్యూమినియము మాని దీనినే తొడిగెను.

దీనితో పని చేయు విధము సులువు. మొదట కావలసిన ఆకారమును కొయ్యతోనో ప్లాస్టరుతోనో చేసి నునుపు పెట్టుదురు. దానిపై మైనము పూసి అచ్చు తీయుదురు. ఆ అచ్చులో మరల మైనము పూసి, రంగు రెసిన్ పొర వేసి, పైన గాజుపోగుల చాప పరచి, గట్టిపరచు రసాయనము కలిపిన రెసిన్‌తో తడిపి, గాలి బుడగలు పోవునట్లు రోలరుతో వత్తుదురు. కొంతసేపటికి రెసిన్ తనలో తానే వేడెక్కి బిగిసిపోవును. ఈ ఒడలు ఉక్కు సాంద్రతలో సుమారు అయిదవ వంతు మాత్రమే, తుప్పు పట్టదు. కాని ఉక్కు అంత బిర్రుగా నుండదు గనుక మందము హెచ్చించవలెను. నిప్పు తగిలిన మండును. రెసిన్ ఆవిరి, ఎండిన తరువాత రాచునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు కీడు చేయును. గాలి ధారాళముగా వీచు చోట ముక్కుకు ముసుగు కట్టుకొని చేయవలసిన పని యిది.

అచ్చు కూడ లేకుండ చేయు మార్గమును అమెరికాలో రాబర్ట్ క్యూ. రైలీ 1980లలో చూపెను. ఆయన రూపొందించిన ట్రై-మాగ్నమ్ బండికి మోటారు సైకిలు ముందు ఫోర్కు తీసివేసి, ఆ స్థానమున ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ముందు ఇరుసును తగిలించవలెను. నురుగు ప్లాస్టిక్కు పలకలతో ఒడలి ఆకారమును కట్టి, దానిపై గాజుచాపను రెసిన్‌తో అంటించవలెను. బండిని కాక దాని పటములను అమ్ముట ఆయన పద్ధతి. కట్టుకొనువాడు తన షెడ్డులోనే కట్టుకొనును.

అన్నదమ్ముని కొరకు ఒక బండి

మూడు చక్రముల బండి వేడుకగా కాక అవసరముగా మారిన కథ ఇంగ్లండులోని ఎసెక్స్ మండలమున జరిగినది. అక్కడ బెర్ట్ గ్రీవ్స్ అను ఇంజనీరుకు డెర్రీ ప్రెస్టన్-కాబ్ అను దాయాది యుండెను. పక్షవాతముచేత అతనికి కాళ్ళు స్వాధీనములో లేవు. గ్రీవ్స్ గడ్డి కోయుచుండగా, ఆ కోత యంత్రపు ఇంజనును డెర్రీ చక్రముల కుర్చీకి తగిలించిన నేమి అను ఊహ పుట్టినదని చెప్పుదురు. యుద్ధములో కాళ్ళు పోగొట్టుకొన్న సైనికులు వేలమంది ఇండ్లకు చేరుచున్న రోజులవి. ఒక్క డెర్రీకి పనికివచ్చినది అందరికిని పనికివచ్చునని ఇరువురును గ్రహించి ఇన్వాకార్ అను కంపెనీని స్థాపించినారు. దానికి విలియర్స్ మోటారు సైకిలు ఇంజనును వాడినారు. నడుపుటకు చేతులు చాలును. అందులో స్ప్రింగులకు బదులు రబ్బరు మెలికతో పని చేయించిన విధానము తరువాత గ్రీవ్స్ మోటారు సైకిళ్ళకు కూడ ఎక్కెను. బండిలో పుట్టిన భాగము మోటారు సైకిలుకు తిరిగిపోవుట ఇక్కడి విశేషము.

1948లో బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడిన పిమ్మట ప్రభుత్వమే ఇట్టి బండ్లను అర్హులకు ఉచితముగా ఇచ్చుచుండెను. 1971లో వచ్చిన మోడల్ 70కి ఫైబర్ గ్లాసు ఒడలు, లేత నీలిరంగు, ఇరువైపుల జారు తలుపులు, ఆస్ట్రియా దేశపు 493 ఘనపు సెంటీమీటర్ల ఇంజను ఉండెను. మడిచిన చక్రముల కుర్చీని ప్రక్కన పెట్టుకొని మనిషి ఒక్కడే పనికి, బజారుకు పోయి రాగలిగెను. అంతకు ముందు ప్రతి అడుగుకు ఒకరి సాయము కోరినవారికి అది ఎంత గొప్ప మార్పో ఊహింపవచ్చును.

మూడు చక్రముల లెక్క

కాని ఆ బండ్లు ఎదురుగాలికి, ప్రక్కగాలికి తడబడుచున్నవనియు, మలుపులలో బోర్లపడుచున్నవనియు ఫిర్యాదులు వచ్చెను. కారణము చిన్న లెక్కతో తెలియును.

ముందు వెనుక చక్రముల నడుమ దూరము 200 సెంటీమీటర్లు, జంట చక్రముల నడుమ దూరము 120 సెంటీమీటర్లు, గరిమనాభి నేలనుండి 50 సెంటీమీటర్ల యెత్తున ఉన్న దనుకొందము. నాలుగు చక్రముల బండిలో గరిమనాభినుండి ప్రక్క అంచుకు 60 సెంటీమీటర్లు. దీనిని యెత్తుతో భాగించిన 1.2 వచ్చును. అనగా ప్రక్కబలము బరువుకు 1.2 రెట్లయిననే బండి పడును. టైర్లు అంతకు ముందే జారును గనుక చదునైన దారిలో అది పడదు.

మూడు చక్రముల బండికి ఆధారము త్రిభుజము. దాని వెడల్పు ఒంటి చక్రము వైపు పోయినకొలది తగ్గును. గరిమనాభి ఒంటి చక్రమునుండి మూడింట రెండు వంతుల దూరముననున్న ప్రక్క అంచు 40 సెంటీమీటర్లే, నిష్పత్తి 0.8. సరిగా నడుమనున్న అది 30 సెంటీమీటర్లు, నిష్పత్తి 0.6. 30 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో మొదటి బండి గంటకు సుమారు 55 కిలోమీటర్ల వేగము వద్ద, రెండవది 48 వద్ద పడిపోవుటకు సిద్ధమగును. కావున గరిమనాభిని క్రిందికిని, జంట చక్రముల వైపునకును చేర్చుట నిర్మాత ప్రథమ కర్తవ్యము.

ఒంటి చక్రము ముందున్నచో మరియొక అపాయము కలదు. మలుపులో బ్రేకు వేసినపుడు జడత్వము బండిని ముందుకును వెలుపలికిని నెట్టును. ఆ దిశలోనే త్రిభుజము సన్నబడియున్నది. మోర్గన్ బండిలో వలె జంట చక్రములు ముందున్న ఆ మూల ఒక చక్రము ఆసరా యిచ్చును.

దీనిని తరగతిలో పరీక్షింపవచ్చును. ఒక చెక్కకు మూడు చక్రములు గాని మూడు మేకులు గాని అమర్చి, పైన బరువు పెట్టి, గరుకు పలకపై ప్రక్కవాటుగా నిలిపి పలకను మెల్లగా ఎత్తవలెను. పైన చెప్పిన కొలతలకు అనుపాతముగా నమూనా చేసినచో, నిష్పత్తి 0.8 అయిన సుమారు 39 డిగ్రీల వద్ద, 0.6 అయిన 31 డిగ్రీల వద్ద అది దొర్లును. ఆ కోణపు టాంజెంటే పై నిష్పత్తి.

నీలి బండ్ల అంతము, మన చట్టము

బ్రిటిషు ప్రభుత్వము కోరగా 1974లో బారొనెస్ షార్ప్ ఇచ్చిన నివేదిక ఈ బండ్లను క్రమముగా ఉపసంహరించుమని సలహా ఇచ్చెను. 1976లో నడువలేనివారికి ప్రయాణ భత్యము ఆరంభమయ్యెను. 1977లో ఏర్పడిన మోటబిలిటీ సంస్థ సాధారణ కార్లను తగినట్లు మార్చి వారికి అందించసాగెను. ఒంటరిగా పోవు బండికి బదులు కుటుంబముతో పోవు కారు లభించెను. ప్రభుత్వపు నీలి బండ్లను 2003 మార్చి 31 నాటికి రోడ్లపైనుండి తొలగించినారు. తమ బండిని విడువలేక బాధపడినవారును ఉన్నారు. స్వేచ్ఛ, భద్రత అను రెండింటిని ఒకే త్రాసులో తూచుట తేలిక కాదు.

మన దేశములో 1970లలో బెంగుళూరునుండి బాదల్ అను ఫైబర్ గ్లాసు మూడు చక్రముల కారు వెలువడెను గాని ఎక్కువ కాలము నిలువలేదు. అంతకంటె విస్తారముగా కనిపించునది మన పట్టణములలోని స్కూటరు. దాని వెనుక చక్రమునకు ఇరుప్రక్కల రెండు చిన్న చక్రములు తగిలించుకొని పోలియో సోకినవారెందరో ఉద్యోగములకు, వ్యాపారములకు పోవుచున్నారు. 2014లో భారతదేశము పోలియో లేని దేశముగా గుర్తింపు పొందినను, అంతకు ముందు ఆ వ్యాధికి గురియైనవారికి వాహనము అవసరము తీరలేదు.

1988 మోటారు వాహనముల చట్టము అంగవైకల్యము గలవారి బండి ప్రత్యేకముగా నిర్మించినదై యుండవలెననియు, ఉన్న బండిని మార్చినంత మాత్రమున చాలదనియు నిర్వచించెను. 2019 సవరణ ఆ నిర్వచనమును తొలగించి, నియమముల ప్రకారము మార్పు చేసిన బండిని కూడ గుర్తించెను. అయితే మార్పుకు అధికారుల అనుమతి పొందవలెను. ఆ చిన్న చక్రములను బిగించు మెకానిక్కుకు త్రిభుజపు లెక్క తెలిసియుండుట, ఆ స్కూటరుపై పోవువాని ప్రాణమునకు సంబంధించిన విషయము. ఆ లెక్క ఉన్నత పాఠశాల గణితమునకు మించినది కాదు.