ఎన్నూరు: నాడు – నేడు

ఎన్నూరు పేరు వినగానే మన పిల్లలు "ఎన్ని ఊర్లు?" అని నవ్వుచుందురు. ఆ నవ్వులో కొంత నిజము లేకపోలేదు. ఇది ఒక్క ఊరు కాదు. కత్తివాక్కము, ఎర్ణావూరు, నెట్టుకుప్పము, తాళంకుప్పము, కాట్టుకుప్పము, ముగత్తువారకుప్పము మొదలైన పల్లెలన్నియు చేరి ఎన్నూరు అయినది. చివరి పేరులోని ముగత్తువారము మన ముఖద్వారమే. ఏరు సముద్రములో కలియు చోటని అర్థము. తూర్పున బంగాళాఖాతము, పడమట బకింగుహాము కాలువ, ఉత్తరమున ఉప్పుటేరు గల ఈ ఇసుక గడ్డ మీదికి మనము ఉద్యోగరీత్యా వచ్చి కాపురములు పెట్టినాము. ఉగాది నాడు పంచాంగ శ్రవణము చేసినట్లే, మనమున్న ఊరి చరిత్రను కూడ నాలుగు మాటలలో చెప్పుకొనుట ఉచితమని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా ఏటి సంగతి. ఇచ్చట సముద్రములో కలియు కొసస్తలైయారును మనవారు కుశస్థలి అందురు. చిత్తూరు సీమ నుండి దిగివచ్చు నగరి యేరు పూండి వద్ద దీనిలో కలియుచున్నది. పూండి జలాశయము 1944లో పూర్తి అయినది. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందము ప్రకారము కండలేరు మీదుగా కృష్ణా జలములు 1996లో మొదటిసారి ఆ జలాశయమునకే చేరినవి. వానకాలములో పూండి గేట్లు ఎత్తినప్పుడు ఎన్నూరు మొగకు వచ్చు నీటిలో నగరి కొండల మీద కురిసిన వాన కూడ ఉన్నదన్నమాట.

ఇక రాజకీయ చరిత్ర. దామెర్ల నాయకుల వద్ద ఇంగ్లీషు కుంపిణీవారు 1639లో చెన్నపట్నపు స్థలము సంపాదించిన కథ అందరికీ తెలిసినదే. 1708లో నవాబు దావూదుఖాను వారికి మరి ఐదు పల్లెలు ఇచ్చినాడు. తిరువొత్తియూరు, నుంగంబాక్కము, వ్యాసర్పాడి, సాత్తంగాడులతో పాటు మన కత్తివాక్కము కూడ అందులో ఒకటి. పొరుగుననున్న తిరువొత్తియూరునకు త్యాగరాజస్వామి వచ్చి, త్రిపురసుందరీ అమ్మవారి మీద ఐదు కృతులు తెలుగున రచించినారు. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యరు అచ్చటి వారే. తెలుగు మాట ఈ ప్రాంతమునకు మనతో వచ్చినది కాదు, మనకంటె ముందే వచ్చినది.

తెలుగునాటికి ఎన్నూరును కలిపిన మొదటి బాట నీటి బాట. బేసిల్ కాక్రేన్ అను వర్తకుని పూనికతో చెన్నపట్నము నుండి ఎన్నూరు వరకు పదకొండు మైళ్ల కాలువ 1806లో పూర్తి అయినది. దానిని పులికాటుకు, తరువాత క్రమముగా పెదగంజాము వరకు పొడిగించినారు. అచ్చట కొమ్మమూరు కాలువతో కలిసి అది కృష్ణ నందుకొన్నది. 1877–78 నాటి ఘోరమైన కరువులో కూలి లేని జనమునకు పని కల్పించుటకై నగరములో కూవము, అడయారు నదుల నడుమ మరికొంత త్రవ్వించినారు. ఆనాటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు 1878లో కాలువకు వచ్చినది.

కాకినాడలో పడవ ఎక్కినవాడు కాలువల మీదుగానే చెన్నపట్నములో దిగగల రోజులవి. కోస్తా బియ్యము, ఉప్పు, శ్రీహరికోట అడవుల కట్టెలు ఎన్నూరు మీదుగానే పోయెడివి. కట్టెలు పంపిన ఆ దీవి నుండి 1971 మొదలుకొని రాకెట్లు ఎగురుచున్నవి! ఎన్నూరు ఉప్పుమళ్లలో పండిన ఉప్పు కూడ కాలువ వెంట నగరమునకు చేరెడిది. సెంట్రల్ స్టేషను చెంతనున్న రైల్వే గూడ్సు షెడ్డును నేటికిని సాల్టు కొటార్సు అందురు. కొఠారు అనగా సరుకు నిలువ చేయు చోటని మనకు తెలిసినదే. 1960 దశకములోను, 1976లోను వచ్చిన తుఫానులకు కాలువ దెబ్బతిన్నది. క్రమముగా పడవలు ఆగిపోయినవి.

రెండవ బాట ఇనుప బాట. దక్షిణదేశమున మొదటి రైలు 1856 జూలై 1వ తేదీన రాయపురము నుండి బయలుదేరినను, బెజవాడకు నేరుగా రైలు మార్గము కుదురుటకు 1899 వరకు పట్టినది. ఆ మార్గమే ఎన్నూరు మీదుగా పోవుచున్నది. మీంజూరు, పొన్నేరి, గుమ్మిడిపూండి దాటి ఆరంబాక్కము తరువాతి స్టేషను తడ, అక్కడి నుండి ఆంధ్రదేశమే. రైల్వే కాగితములతో పొద్దు గడుపువాడను గనుక ఒక్క మాట చెప్పగలను: పట్టాలు పడిన చోటనే ఫ్యాక్టరీలు పడును. 1948లో రఘునందన్ శరణ్ గారు స్థాపించిన అశోక్ మోటార్సు ఎన్నూరులో మొదట ఆస్టిన్ కార్లను బిగించినది. 1955లో అదే అశోక్ లేలాండు అయి లారీలకు, బస్సులకు పేరుగాంచినది. 1955లోనే ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా తిరువొత్తియూరులో మోటారు సైకిళ్లు చేసినది. 1923లో స్వీడను దేశపు అగ్గిపెట్టెల కంపెనీవారు ఈ దేశమున నెలకొల్పిన వింకో పేరు అచ్చటి స్టేషనుకు స్థిరపడినది. 2021 ఫిబ్రవరిలో మెట్రో రైలు ఆ వింకోనగరు వరకు వచ్చినది. ఎక్కడి స్వీడను, ఎక్కడి తిరువొత్తియూరు!

తరువాత కరెంటు, బొగ్గు వచ్చినవి. ఎన్నూరు థర్మల్ స్టేషను 1970లో మొదలై 450 మెగావాట్ల వరకు పెరిగి, 2017 మార్చిలో మూతపడినది. ఉప్పుటేటి ఆవల అత్తిపట్టులో ఉత్తర చెన్నై థర్మల్ స్టేషను 1994లో ఆరంభమైనది. వల్లూరులో 1500 మెగావాట్ల మరియొక కేంద్రము 2012–15 నడుమ వచ్చినది. వీటి బొగ్గు కొరకే ఎన్నూరు రేవు కట్టినారు. 2001 ఫిబ్రవరిలో ప్రధాని వాజ్‌పేయి గారు దానిని జాతికి అంకితము చేసినారు. 2014లో అది కామరాజర్ రేవు అయినది. పారాదీపు, విశాఖల నుండి ఓడలలో బొగ్గు దిగుచు వచ్చినది.

2011లో జరిగినది గమనింపదగినది. నగరములోని ఇండ్ల మీద మసి పడుచున్నదన్న ఫిర్యాదుపై మద్రాసు హైకోర్టు ఆదేశించగా, చెన్నై రేవులో బొగ్గు, ఇనుప ఖనిజము దించుట మాని ఎన్నూరుకు మార్చినారు. నగరము మసి దులుపుకొన్నది. అది మన వాకిట పడినది. అదే సంవత్సరము కత్తివాక్కము పురపాలక సంఘమును చెన్నై కార్పొరేషనులో కలిపినారు. 1708లో కుంపిణీవారి చేతికి వచ్చిన పల్లె నగరములో భాగమగుటకు మూడు వందల మూడేండ్లు పట్టినది. కాని నగరమునకు అది ఇంకను పెరటి దొడ్డిగానే ఉన్నది.

దీనివలన ఎక్కువగా నష్టపడినది ఉప్పుటేరు. అందులో ఇరుళవారు నడుములోతు నీటిలో దిగి చేతులతో తడివి రొయ్యలు పట్టుదురు. చూచినప్పుడు మన నెల్లూరు యానాదులు గుర్తుకు వత్తురు. కుప్పముల బెస్తవారికి పీత, రొయ్య, చేప ఇచ్చిన ఆ నీటిలోనికి బొగ్గు బూడిద చేరినది. 2017 జనవరి 28న రేవు వెలుపల రెండు ఓడలు ఢీకొని సముద్రము మీద నూనె పరచుకొనగా, జనము బక్కెట్లతో తోడినారు. 2023 డిసెంబరు తుఫానులో వరదనీటితో చమురు ఉప్పుటేటిలోనికి వచ్చి పడవలను, వలలను నల్లజేసినది. ఎర్ణావూరులో ఇండ్ల గోడలకు కూడ ఆ జిడ్డు అంటినది. వెలుగు మన యింటికి, బూడిద వారి యేటికి అన్నట్లయినది.

ఫ్యాక్టరీ కావలెనా, ఏరు కావలెనా అని అడుగువారున్నారు. ఆ ఫ్యాక్టరీల, రేవుల, రైళ్ల మూలముననే మన పొయ్యి వెలుగుచున్నది. వాటిని తూలనాడుట మనకు తగదు. అయితే ఒక్క సంగతి ఆలోచింపవలెను. కుశస్థలి వరదకు, కాలువలో చేరిన వాననీటికి సముద్రములోనికి దారి ఈ ముఖద్వారమే. అది బూడిదతోను, మట్టితోను పూడినచో ఆ నీరు పోవు చోటు లేక మన వీధులలోనికే వచ్చును. బెస్తవాని వల ఎండిపోవుటకును, మన గడపలోనికి నీరు వచ్చుటకును కారణమొక్కటే. ఏటిని కాపాడుమని వారు అడుగునపుడు అది వారి గొడవ అనుకొనుటకు వీలులేదు. అర్జీ మీద సంతకము పెట్టుట, వార్డు సభకు పోయి వారి ప్రక్కన నిలుచుట మనకును విధియే.

కనుక మన సంఘమునకు నాది ఒక మనవి. ఈ సంవత్సరము ఒక ఆదివారము పిల్లలను ముఖద్వారము వద్దకు తీసికొని వెళ్లవలెను. ఉప్పుమళ్లు ఎచ్చటనుండెనో, పడవలు ఏ దారిన పోయినవో, నగరి నీరు ఎచ్చట సముద్రమున కలియునో కంటితో చూపవలెను. కుప్పములోని పెద్దలనెవరినైన పిలిచి తమిళముననే ఆ యేటి కథ చెప్పించవలెను. మన పిల్లలకు తమిళము వచ్చును, మనమే వారి వద్ద అర్థము తెలిసికొందము. సొంతవూరు ఏదని అడిగినప్పుడు వారు నెల్లూరనియో, ఒంగోలనియో చెప్పుదురు గాక. పెరిగినవూరు ఎన్నూరని చెప్పుటకు సంకోచింపకుండునట్లు ఈ ఊరిని ఉంచవలసిన భారము మన మీదను ఉన్నది.